లిమోన్: ఓడలు వదిలేసి వెళ్లిన నేల

కరీబియన్ తీరకథలు – 7

కవీటా ఊరి దగ్గర, తీరానికి ఎంతో దూరం లేని నీళ్లలో రెండు పాత ఓడల శకలాలు పడి ఉన్నాయని అక్కడి జాలర్లకు తరతరాలుగా తెలుసు. ఫిరంగులు, లంగర్లు, కుప్పలు కుప్పలుగా పసుపురంగు ఇటుకలు. ఎప్పుడో సముద్రపు దొంగల ఓడలు రెండు కొట్టుకుని అక్కడే మునిగిపోయాయని ఊళ్లో చెప్పుకునేవారు. కథ రుచిగా ఉంది కాబట్టి చాలాకాలం ఎవరూ దాన్ని తరచి చూడలేదు. 2023లో డెన్మార్క్ పురావస్తు నిపుణులు వచ్చి నీళ్లలో దిగారు. ఒక ఓడ దుంగ నుంచి ముక్క, కొన్ని ఇటుకలు తీసుకెళ్లి పరీక్ష చేయించారు. 2025 ఏప్రిల్‌లో ఫలితం చెప్పారు. దుంగ ఓక్ చెట్టుది, 1690–95 మధ్య బాల్టిక్ సముద్రం పడమటి ప్రాంతంలో నరికినది. ఇటుకల మట్టి డెన్మార్క్ మట్టి. కలప కాలి మసిపట్టి ఉంది.

అంటే అవి దొంగల ఓడలు కావు. డేనిష్ వెస్టిండియా కంపెనీ వాళ్లు మనుషుల్ని అమ్ముకోవడానికి తీసుకెళ్తున్న బానిస ఓడలు. పేర్లు క్రిస్టియానస్ క్వింటస్, ఫ్రెడరికస్ క్వార్టస్. రెండూ రాజుల పేర్లే. (దొంగల ఓడలు కావు అన్నాను గానీ, ఆ మాట ఎంతవరకు సబబో పాఠకులే చెప్పాలి.)

ఈ వారం మన మజిలీ ఆ శకలాలున్న ప్రావిన్సు, కోస్టారికాలోని లిమోన్. ఆ దేశానికి ఏడు ప్రావిన్సులుంటే కరీబియన్ సముద్రాన్ని తాకేది ఇదొక్కటే. పైన నికరాగువా, కింద పనామా, మధ్యనున్న తూర్పుతీరమంతా దీనిదే. 1502 సెప్టెంబరులో నాలుగో యాత్రలో కొలంబస్ లంగరు వేసింది ఇక్కడే, ఇప్పటి లిమోన్ రేవుకు ఎదురుగా ఉన్న ఉవీతా దీవి దగ్గర. స్పెయిన్‌వాళ్లు దేశంలో కాలుపెట్టింది ఈ తీరాన, కాపురం పెట్టింది మాత్రం కొండల మీది చల్లటి లోయలో. కార్తాగో, ఆ తర్వాత సాన్ హోసే, రాజధానులన్నీ అక్కడే. తీరానికీ లోయకూ మధ్య అడవి, కొండలు, ఏడాది పొడవునా వాన. ఆ దూరం భూగోళంలో ఉన్నదానికంటే మనసుల్లో ఎక్కువైంది. లిమోన్ చరిత్రంతా ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే: ఇక్కడి పంటను తీసుకున్నవాళ్లు ఇక్కడ ఉండలేదు, ఉన్నవాళ్లను దేశం తనవాళ్లనుకోలేదు.

ఓడల సంగతికి వద్దాం. 1708 చివర్లో కోపెన్‌హేగన్ నుంచి బయల్దేరిన ఆ రెండూ పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌కు, అంటే నేటి ఘానా తీరానికి చేరాయి. అక్కడ మనుషుల్ని కొని ఎక్కించారు. మన తరంగంబాడిలో 1620లో కోట కట్టుకున్న డేన్‌లే వీళ్లు. మన తూర్పుతీరం నేతబట్టలు ఆ రోజుల్లో ఆఫ్రికా రేవుల్లో మనుషులకు మారకపు సరుకుగా పోయేవి. సముద్రం మీద ఫ్రెడరికస్ ఓడలో బందీలు తిరగబడ్డారు. తిరుగుబాటును అణచి, నాయకుణ్ణి చంపేశారు. చేరవలసిన చోటు డేన్‌ల చేతిలో ఉన్న సెయింట్ థామస్ దీవి. దారి తప్పి, దీవిని దాటిపోయి, పడమటికి కొట్టుకుపోయి, 1710 మార్చిలో ఎవరికీ తెలియని ఈ తీరానికి వచ్చి పడ్డారు. తిండి అయిపోయింది. నావికులు జీతాలడిగి ఎదురుతిరిగారు. ఓడలో ఉన్న బంగారం పంచుకున్నారు. సుమారు 650 మంది ఆఫ్రికన్లను ఒడ్డున దించేశారు. కరుణతో కాదు, పెట్టడానికి తిండి లేక. ఒక ఓడకు నిప్పంటించారు. రెండోదాని లంగరుతాడు తెంచితే అలలు దాన్ని ఒడ్డుకేసి కొట్టాయి. తెల్లవాళ్లు దొరికిన పడవలెక్కి పోయారు.

650 మంది తెలియని అడవిలో మిగిలారు. వాళ్లలో సుమారు 100 మందిని స్పెయిన్ సైనికులు పట్టుకుని కార్తాగోకు తోలుకెళ్లారు. అక్కడ వాళ్లు మళ్లీ బానిసలే. మిగతావాళ్లలో కొందరు ఉత్తరాది తీరపు మిస్కీటో తెగవాళ్ల చేతికి చిక్కారు. చాలామంది జాడ కాగితాల్లో ఎక్కడా లేదు. కాగితాల్లో లేకపోవడమే వాళ్లకు మేలు చేసి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఆ 1710వ సంవత్సరం ఈ తీరానికి మామూలు ఏడాది కాదు. అదే సమయంలో కోస్టారికాలోని స్పెయిన్ గవర్నర్ గ్రాందా యి బాల్బిన్ దక్షిణాన తలమాంకా కొండల్లో మరో వేట నడుపుతున్నాడు. అక్కడి బ్రిబ్రి, కబేకర్ జనాలను ఫ్రాన్సిస్కన్ పాదిరీలు ఊళ్లుగా చేర్చి, కొండల నుంచి దింపి, లోయకు దగ్గరగా తరలించాలని చూస్తూ వచ్చారు. పాదిరీలు ఉత్తరాలు రాయడం చూసిన పాబ్లో ప్రెస్‌బెరే అనే నాయకుడికి ఆ రాత తమను తరలించడానికేనని అర్థమైందని చెబుతారు. 1709 సెప్టెంబరులో తిరుగుబాటు లేచింది. పాదిరీలు, సైనికులు చనిపోయారు, చర్చిలు తగలబడ్డాయి. మరుసటి ఏడాది గవర్నర్ దండు వచ్చి దాదాపు 700 మందిని పట్టి కార్తాగోకు నడిపించింది. అందులో 500 మంది మాత్రమే చేరారు. మిగిలినవాళ్లు దారిలో చనిపోయారు, లేదా తప్పించుకున్నారు. చేరినవాళ్లను దండెత్తినవాళ్లు ఇళ్లలో, పొలాల్లో చాకిరీకి పంచుకున్నారు. ప్రెస్‌బెరేను 1710 జూలై 4న కార్తాగోలో కంబానికి కట్టి కాల్చారు, తల నరికి అందరికీ కనిపించేలా ఎత్తున పెట్టారు. మెడ బిగించి చంపే తలారి ఆ ఊళ్లో లేకపోవడంతో తుపాకులతో కాల్చారట. తన వాళ్ల పేర్లు చెప్పమని ఎంత నిలదీసినా ఆయన చెప్పలేదు. 1997లో కోస్టారికా శాసనసభ ఆయన్ను మూలవాసుల స్వేచ్ఛారక్షకుడిగా ప్రకటించింది. 287 ఏళ్లు పట్టింది.

ఇంతమంది మనుషుల్ని పట్టి తేవడం దేనికి? చేతులు చాలక. ఆ కాలపు కోస్టారికా పేదదేశం. దానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి మతీనా లోయలోని కోకో తోటలు. కొబ్బరితోటలో అంతరపంటగా కోకో వేసే మన ఏలూరు, పశ్చిమగోదావరి రైతులకు ఆ పని తీరు వివరించక్కర్లేదు: కాయ కోయడం, గింజ పులియబెట్టడం, ఎండబెట్టడం. తేడా ఏమిటంటే మతీనా తోటల యజమానులు తోటలో ఉండేవారు కాదు. జ్వరాలకు, పాములకు భయపడి కార్తాగోలో ఉండి, కోతల వేళకు మాత్రం దిగివచ్చేవారు. తోటలో ఏడాదంతా ఉండి చెట్లు కాచింది ఆఫ్రికన్ బానిసలు. దేశంలో వెండినాణేలు కరువైపోయి, 1709లో కోకో గింజల్నే అధికారికంగా డబ్బుగా చెలామణీ చేయడానికి అనుమతించారు. ఇక చూడండి వింత: యజమాని కొండల మీద, డబ్బు చెట్టుకు కాస్తోంది, చెట్టు బానిస చేతిలో ఉంది. గింజ గింజ పోగేసుకుని, తీరానికొచ్చే ఇంగ్లీషు దొంగవ్యాపారులకు అమ్మి, తమ స్వేచ్ఛను తామే కొనుక్కున్న మతీనా బానిసలు నిజంగానే ఉన్నారు. మిస్కీటోలు కూడా ఈ గింజల కోసమే కోతల కాలం చూసుకుని దాడికి వచ్చేవారు. 1742లో వాళ్లను ఆపడానికి మతీనాలో ఒక కోట కట్టారు. 1747లో వాళ్లు దాన్ని నేలమట్టం చేశారు. అక్కడితో కోట కథ సరి.

తర్వాతి వందేళ్లలో తీరం దాదాపు ఖాళీ. తాబేళ్ల వేటకు పనామా వైపు నుంచి పడవల్లో వచ్చే ఆఫ్రికన్ సంతతి జాలర్లు మాత్రం ఏటా వచ్చి గుడిసెలు వేసుకునేవారు. వాళ్లలో విలియం స్మిత్ అనే ఆయన 1828లో కవీటాలో స్థిరపడ్డాడని ఊరివాళ్లు లెక్క చెబుతారు. రైలుకంటే, అరటికంటే చాలాముందే ఇక్కడ నల్లవాళ్ల ఊళ్లున్నాయన్న సంగతి కోస్టారికాలోనే చాలామందికి తెలియదు.

రైలు ఎందుకొచ్చిందంటే కాఫీ కోసం. లోయలో పండిన కాఫీ పడమటి రేవు పుంతరేనాస్‌లో ఓడెక్కి, దక్షిణ అమెరికా ఖండం కొస చుట్టి యూరప్ చేరేది. తూర్పున రేవుంటే నెలల ప్రయాణం మిగులుతుంది. అధ్యక్షుడు తోమాస్ గ్వార్దియా 1871లో, పెరూ కొండల్లో రైళ్లు వేసిన అమెరికన్ కాంట్రాక్టరు హెన్రీ మెగ్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. చివరికి పని మెగ్స్ మేనల్లుడు మైనర్ కీత్ చేతికొచ్చింది. ఒప్పందం నాటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు.

బురద, మలేరియా, పచ్చజ్వరం. లోయలోని తెల్లరైతులు కిందికి దిగి రాలేదు. 1872 డిసెంబరు 20న లిజీ అనే ఓడ కింగ్‌స్టన్ నుంచి వందమందికి పైగా జమైకా కూలీలను దించింది. తర్వాత చైనా నుంచి, ఇటలీ నుంచి. ఇటలీవాళ్లు తిండి చూసి, జీతాలు అందక 1888లో సమ్మె కట్టి చాలామంది వెళ్లిపోయారు. జమైకావాళ్లు నిలబడ్డారు. మొదటి పాతిక మైళ్లకే 4,000 ప్రాణాలు పోయాయని చాలా పుస్తకాల్లో రాస్తారు. కచ్చితమైన లెక్క లేదు. కీత్ అన్నదమ్ములు కూడా ఈ పనిలోనే పోయారు.

ప్రభుత్వం దగ్గర డబ్బైపోయింది. లండన్ అప్పు మెడకు చుట్టుకుంది. కీత్ అప్పటికి మాజీ అధ్యక్షుడు కాస్త్రో మద్రీస్ అల్లుడు కూడా. ఆయన లండన్ వెళ్లి అప్పు తిరగరాయించుకొచ్చాడు. ఇందుకు ప్రతిఫలంగా 1884 ఒప్పందంలో ప్రభుత్వం ఇచ్చింది వినండి: 99 ఏళ్లపాటు రైలుమీద హక్కు, 8 లక్షల ఎకరాల భూమి, ఆ భూమికి 20 ఏళ్ల పన్ను మినహాయింపు. దేశ విస్తీర్ణంలో అది ఆరు శాతానికి పైమాటే. 1890 డిసెంబరులో రైలు సాన్ హోసే నుంచి లిమోన్ దాకా నడిచింది. అప్పటికే అసలు సరుకు కాఫీ కాదు. రైలుకు బరువు దొరకాలని పట్టాల పక్కన కీత్ నాటించిన అరటి. 1899లో ఆయన కంపెనీలు బోస్టన్ ఫ్రూట్‌తో కలిసి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అయ్యాయి. ఆ తర్వాత మధ్య అమెరికాలో ప్రభుత్వాలను నిలబెట్టి, పడగొట్టిన పేరు అది. పుట్టిల్లు లిమోన్ రైలుగట్టు. 1913లో కోస్టారికా కోటి గెలలకు పైగా ఎగుమతి చేసి ప్రపంచంలో ముందు వరసలో నిలిచింది. ఆ గెలలన్నీ లిమోన్‌వే.

ఈ కాలపు లిమోన్ స్పానిష్ దేశంలోని ఇంగ్లీషు పట్నం. జమైకావాళ్లు తమ బడులు తామే పెట్టుకున్నారు. బాప్టిస్టు, ఆంగ్లికన్, మెథడిస్టు చర్చిలు కట్టుకున్నారు. సొంత పత్రికలు నడిపారు. క్రికెట్ క్లబ్బులుండేవి, అవును, కోస్టారికాలో! ఇంట్లో కొబ్బరిపాలతో వండిన బీన్సు అన్నం, వీధిలో జమైకా క్రియోల్. 1910లో ఒక జమైకా యువకుడు ఇక్కడి అరటితోటలో కూలీల పనిగంటలు రాసే గుమాస్తాగా చేరాడు. చూసింది భరించలేక పత్రిక పెట్టాడు, అధికారులతో తగువు పడ్డాడు, వెళ్లిపోయాడు. అతనే మార్కస్ గార్వీ. ప్రపంచంలోని నల్లజాతివాళ్లనందరినీ ఒక్కటి చేయాలన్న ఉద్యమానికి కొంత నిప్పు ఈ తోటల్లోనే రాజుకుంది. 1921లో ఆయన పెద్ద నాయకుడై తిరిగివస్తే లిమోన్ కూలీలు వేలాదిగా వచ్చి విన్నారు. ఆయన సంస్థ శాఖ 1922లో పట్నం నడిబొడ్డున కట్టుకున్న రెండంతస్తుల చెక్కభవనాన్ని జనం బ్లాక్ స్టార్ లైన్ అనేవారు. 2016 ఏప్రిల్‌లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

1927 జనాభా లెక్కల్లో లిమోన్ ప్రావిన్సులో సగానికి మించి నల్లవాళ్లే. అందులో అత్యధికులు దేశపౌరులు కారు. ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా కాగితం మీద బ్రిటిష్ ప్రజలే, కానీ బ్రిటన్ మొహం చూసినవాడు లేడు. 1934 ఆగస్టులో తోటల్లో సుమారు 10 వేల మంది సమ్మె చేశారు. నడిపినవాళ్లలో ముఖ్యుడు కార్లోస్ లూయిస్ ఫల్యాస్, తర్వాత ఈ తోటల మీదే ‘మమీతా యునాయ్’ నవల రాసినవాడు. వాళ్లడిగినవి: కూపన్లు కాదు, నగదు కూలి, మందులు, పాముకాటుకు విరుగుడు, ఉండడానికి ఇళ్లు. లిమోన్ నేల అప్పటికే సారం ఉడిగింది, పనామా తెగులు అరటిని ఎండబెడుతోంది. కంపెనీ పడమటి తీరానికి మకాం మార్చాలనుకుంది. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ఆమోదించిన కొత్త ఒప్పందంలో ఒక షరతు చేర్చారు: పడమటి తోటల్లో నల్లవాళ్లను పనిలో పెట్టుకోకూడదు.

ఈ షరతు దగ్గర కాస్త ఆగాలి. నల్లవాళ్లు తురియాల్బా ఊరు దాటి లోయలోకి రాకూడదని 1949 దాకా చట్టం ఉండేదని కోస్టారికాలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. నల్లజాతి రైలు సిబ్బంది ఆ స్టేషన్లో దిగిపోయి, అక్కడి నుంచి తెల్ల సిబ్బంది ఎక్కేవారని లిమోన్ పెద్దలు చెబుతారు. చరిత్రకారులు వెతికారు. అలాంటి చట్టం దొరకలేదు. 1934 షరతు ఉంది, అది పడమటి తోటల కొలువుల గురించే. కాబట్టి లిమోన్‌వాళ్లు చెప్పేది అబద్ధమని కొందరు పండితులు తేలిగ్గా తీసేశారు. నాకు ఆ తీర్పు నచ్చదు. చట్టం లేకుండానే అందరూ పాటించిన కట్టడి చట్టంకంటే గట్టిది. దాన్ని రద్దు చేయమని అడగడానికి కూడా ఎక్కడా కాగితం ఉండదు.

1930ల చివరికి కంపెనీ సామాను సర్దుకుని పడమటికి వెళ్లింది. వంతెనల ఇనుము, కొమ్మ రైలుపట్టాలు కూడా చాలాచోట్ల పీక్కుపోయారు. వదిలేసిన అరటితోటల్లో నల్లరైతులు కోకో నాటారు, మూడొందల ఏళ్లనాటి మతీనా పంటే. ఈసారి చెట్టు వాళ్లది. ఆ చెట్లు నాలుగు దశాబ్దాలు వాళ్ల పిల్లల్ని చదివించాయి. 1978–79లో మొనీలియా అనే బూజుతెగులు వచ్చి కాయలన్నిటినీ చంపేసింది. భూములు తక్కువకు తెగనమ్ముకుని ఎన్నో కుటుంబాలు సాన్ హోసేకు, న్యూయార్క్‌కు వెళ్లాయి. కవీటా, ప్యుయెర్తో వియెహో తీరాల్లో ఇప్పుడు కనిపించే హోటళ్ల కింద చాలాచోట్ల ఆనాటి కోకో తోటలున్నాయి.

యుద్ధకాలంలో జరిగిన ఒక ఘటన కూడా ఇక్కడే చెప్పేయాలి. 1942 జూలై 2 రాత్రి లిమోన్ రేవులో సరుకు దించుతున్న శాన్ పాబ్లో ఓడను జర్మనీ జలాంతర్గామి యు–161 టార్పెడోలతో కొట్టింది. ఓడ పొట్టలో పనిచేస్తున్న 24 మంది చనిపోయారు. రెండు రోజులకు సాన్ హోసేలో జనం జర్మన్, ఇటాలియన్ దుకాణాలు పగలగొట్టారు. ఆ అల్లర్లు, అరెస్టులు, వాటి రాజకీయం దేశచరిత్రలో పెద్ద అధ్యాయం. ఓడ పొట్టలో పోయిన రేవు కూలీలు ఆ అధ్యాయానికి ఒక పీఠిక మాత్రమే అయ్యారు.

1948 అంతర్యుద్ధం తర్వాత హోసే ఫిగెరెస్ ప్రభుత్వం సైన్యాన్ని రద్దు చేసిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. అదే ప్రభుత్వం 1949లో ఇక్కడ పుట్టిన జమైకావాళ్ల పిల్లలకు పౌరసత్వం దారి తెరిచింది. లిజీ ఓడ వచ్చిన 77 ఏళ్లకు. 1953లో అలెక్స్ కర్లింగ్ మొదటి నల్లజాతి శాసనసభ్యుడయ్యాడు. 1949లోనే లిమోన్ కార్నివాల్ కూడా మొదలైంది. ఇప్పటికీ అక్టోబరులో జరుగుతుంది.

పాట సంగతి చెప్పకపోతే లిమోన్‌వాళ్లు ఒప్పుకోరు. కవీటాలో వాల్టర్ ఫెర్గూసన్ అనే కాలిప్సో గాయకుడు ఉండేవాడు, వృత్తికి రైతు. ఎవరైనా అడిగితే క్యాసెట్ రికార్డరు ముందు కూర్చుని వాళ్లకోసం పాడి, ఆ ఒక్క టేపునే అమ్మేవాడు. నకలు తన దగ్గర ఉంచుకునేవాడు కాదు. ఆ టేపులు పర్యాటకుల సంచుల్లో ప్రపంచమంతా చెదిరిపోయాయి. అభిమానులు దశాబ్దాల తర్వాత ఖండఖండాలు గాలించి కొన్నిటిని వెతికి పట్టారు. 2012లో దేశం లిమోన్ కాలిప్సోను సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఫెర్గూసన్ 2023లో, 103 ఏళ్ల వయసులో పోయాడు.

1991 ఏప్రిల్ 22 మధ్యాహ్నం 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. కోస్టారికాలో 48 మంది చనిపోయారు. లిమోన్ తీరం ఒక్కసారిగా పైకి లేచింది, కొన్నిచోట్ల మీటరున్నరకు మించి. పగడపు దిబ్బలు నీళ్లు వీడి ఎండలో చచ్చిపోయాయి. వంతెనలు కూలి, వేలమంది ప్రాణాలతో వేసిన ఆ రైలుదారి దెబ్బతింది. సాన్ హోసే నుంచి లిమోన్‌కు ప్రయాణికుల రైలు మళ్లీ నడవలేదు.

అరటి మాత్రం తెగులు తట్టుకునే రకాలతో 1956 నుంచే తిరిగొచ్చింది, ఈసారి ఇంకో అమెరికన్ కంపెనీతో. ఇవాళ కోస్టారికా సముద్ర వాణిజ్యంలో అత్యధిక భాగం లిమోన్, మొయిన్ రేవుల గుండానే పోతుంది. మొయిన్‌లో పెద్ద కంటైనర్ టెర్మినల్ 2019లో మొదలైంది. అదే ప్రావిన్సు దేశంలో పేదరికం, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. ఒక్క కవీటాలో మాత్రం కథ కొంచెం వేరుగా నడిచింది. 1994లో జాతీయ పార్కు ప్రవేశ రుసుము పెంచితే ఊరివాళ్లు గేటు ఆక్రమించారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చి పార్కు నిర్వహణలో ఊరికి వాటా ఇచ్చింది. ఊరివైపు గేటు దగ్గర రుసుము లేదు, ఇష్టమున్నంత విరాళం వేసి లోపలికి వెళ్లవచ్చు. ఆ డేనిష్ ఓడల శకలాల దగ్గర నీళ్లలో దిగి కొలతలు తీసినవాళ్లలో కూడా డైవింగ్ నేర్చుకున్న స్థానిక కుర్రాళ్లున్నారు.

వచ్చే వారం దక్షిణానికి, సరిహద్దు నది సిక్సావోలా దాటి పనామాలోని బోకాస్ దెల్ తోరోకు వెళ్దాం. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అక్కడ ఏం చేసిందో తెలుసుకోవాలంటే ఈ భాగంలోని 1884 ఒప్పందం షరతులు గుర్తుపెట్టుకోండి.